ఐదు బడులు, ఒక్క నుడి
(హోసూరు ప్రాంత తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సైనిక కుటుంబాల పిల్లలు ఊరూరా మారే బడులలో ఎట్లా నెగ్గుకొస్తారో, వారి అమ్మనుడి ఏమవుతుందో చెప్పమని నన్ను అడిగారు. నేను ఒక హవల్దారు కూతురిని. మా నాయన మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో పనిచేశారు. దానికి బెంగుళూరులో హలసూరు చెరువు పక్కన కేంద్రముంది. నాలుగు దక్షిణాది భాషల బిడ్డలూ ఆ దళంలో ఉంటారు. ఈ తాలూకాలో ఆ దళానికి మనిషిని పంపని పల్లెలు తక్కువే. ఒకటో తరగతి నుండి పది దాకా నేను ఐదు బడులు మారాను. నా కథ ఘనమైనదని చెప్పబోవడం లేదు. బదిలీల మీద బతికే కుటుంబానికీ, సరిహద్దులో బతికే కుటుంబానికీ ఉన్న కష్టం ఒక్కటేనని చూపడానికే దానిని వాడుకుంటాను.

సైనికుల పిల్లల చదువు గురించి మన ప్రభుత్వం ఆలోచించలేదని అనలేము. రెండవ వేతన సంఘం సిఫారసు మీద 1962లో కేంద్ర ప్రభుత్వం ఒక పథకాన్ని ఆమోదించింది. సైనిక స్థావరాలలో అప్పటికే నడుస్తున్న 20 రెజిమెంటల్ బడులను 1963-64 విద్యా సంవత్సరంలో తన చేతిలోకి తీసుకుని సెంట్రల్ స్కూళ్లుగా మార్చింది. అవే నేటి కేంద్రీయ విద్యాలయాలు. ఇప్పుడు 1,200కు పైగా ఉన్నాయి. దేశమంతా ఒకే పాఠ్యప్రణాళిక, ఒకే పుస్తకాలు. ప్రవేశాల వరుస నిర్ణయించేటప్పుడు గత ఏడు సంవత్సరాలలో తండ్రికి లేదా తల్లికి ఎన్ని బదిలీలయ్యాయో కూడా లెక్కిస్తారు. బెంగుళూరులో ఆగిన గణితపాఠం పుణేలో అక్కడి నుండే మొదలవుతుంది. ఈ మేలును నేను నిండు మనసుతో ఒప్పుకుంటాను. ఆ ఏర్పాటు లేకుంటే మా వంటి వారి చదువు అయిదో తరగతి దాటేది కాదు.

అయితే ఆ బడులు నడిచేది హిందీ, ఇంగ్లీషులలో. ఆరో తరగతి నుండి వాటికి సంస్కృతం తోడవుతుంది. దేశమంతటికీ ఒకే అచ్చు పోసినప్పుడు, ఆ అచ్చులో పట్టనిది ఇంటికే మిగులుతుంది. మా ఇంటికి మిగిలింది తెలుగు.

నేను ఒకటో తరగతిలో చేరింది బెంగుళూరులోని కేంద్రీయ విద్యాలయంలో. మూడు తరగతులు అక్కడ, తరువాతి రెండు పుణేలో. బడి మారిన పిల్లకు మొదటి వారంలో తెలిసేవి మూడు: తన పేరును కొత్త నోళ్లు ఎట్లా పలుకుతాయో, భోజనం వేళ ఎవరి పక్కన చోటుంటుందో, ఇక్కడి పాఠం తన పాఠం కంటే ముందుందో వెనకుందో. మూడవది నెలలో సర్దుకుంటుంది. రెండవది ఒక స్నేహితురాలు దొరికితే తీరుతుంది. మొదటిది మాత్రం తీరదు. ప్రతి ఊరూ పిల్ల పేరును తన నోటికి తగినట్లు కోస్తుంది. ఆ పిల్ల కొన్నాళ్లకు తానూ అట్లాగే పలకడం నేర్చుకుంటుంది. నుడి జారిపోవడం అక్కడే మొదలవుతుంది.

నేను అయిదో తరగతిలో ఉండగా నాయనకు ఫీల్డ్ పోస్టింగు వచ్చింది. కుటుంబాన్ని తీసుకుపోలేని చోటు. విద్యా సంవత్సరం ముగిసేదాకా మేము పుణే క్వార్టరులోనే ఉండిపోయాము. 56 ఏపీఓ చిరునామా నుండి ఆయన ఇన్‌లాండు ఉత్తరాలు వచ్చేవి. ఆయన తెలుగులోనే రాసేవారు. అమ్మ చదివి వినిపించేది. చివర నా పేరుతో నాలుగు పంక్తులు ఉండేవి. వాటిని కూడా అమ్మే చదవాలి.

మా ఇంటి పరిస్థితిని గమనించండి. నాయనకు తెలుగు రాయడం వచ్చు. సైన్యంలో జవాన్లకు హిందీని ఇంగ్లీషు అక్షరాలలో నేర్పే రోమన్ హిందీ పద్ధతి ఉండేది. అది వచ్చు. దేవనాగరి రాదు. నాకు దేవనాగరి వచ్చు, ఇంగ్లీషు వచ్చు, తెలుగు అక్షరం రాదు. నాయన రాసింది నేను చదవలేను. నేను హిందీలో రాస్తే నాయన చదవలేరు. ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు రాసి పంపవచ్చు కదా అంటారు. పంపాను. అట్లా రాస్తే మెడకూ మేడకూ తేడా లేదు, కలకూ కళకూ తేడా లేదు. దేవనాగరిలోనూ అంతే: మనకు ఎ, ఏ అని రెండు ఉన్నచోట హిందీ రాతకు ఒక్కటే ఉంది. ఒ, ఓలకూ అదే గతి. ఒకే ఇంట్లో, ఒకే నుడి మాట్లాడే తండ్రీ బిడ్డల మధ్య రాతకు దారి లేకపోయింది.

అమ్మ తాను చదివింది ఏడో తరగతి వరకే. ఆ చలికాలంలో ఆమె పలక కొనలేదు, పెద్ద బాలశిక్ష తెప్పించలేదు. నాయన ఉత్తరాలే ముందు పెట్టింది. ముందు నా పేరు, తరువాత తమ్ముడి పేరు, తరువాత ఊరి పేరు. ప్రతి ఉత్తరంలో మళ్లీ మళ్లీ వచ్చే మాటలను గుర్తు పట్టించింది. క్షేమం, సెలవు, డబ్బు, వాన, అవ్వ ఆరోగ్యం, ఈ మాటలలోనే గుణింతాలు వచ్చాయి, ఒత్తులు వచ్చాయి. ఎండాకాలం సెలవుల నాటికి ఆ నాలుగు పంక్తులు నేనే చదువుకున్నాను. బిడ్డకు అక్షరం అవసరమైతే, ఆ అవసరం ఇంట్లో కనబడితే, నేర్పడానికి పట్టా పుచ్చుకున్న అయ్యవారే రావలసిన పని లేదని నేను చెప్పగలిగింది అందుకే.

క్వార్టరు ఖాళీ చేసి మేము ఈ తాలూకాలోని మా ఊరికి వచ్చాము. ఆరు, ఏడు తరగతులు తెలుగు మాధ్యమంలో చదివాను. ఎల్‌సీఎం అని నేర్చుకున్నది ఇక్కడ క.సా.గు. అయింది. ఫోటోసింథసిస్ కిరణజన్య సంయోగక్రియ అయింది. రెండు మాటలూ తెలిసిన పిల్లకు పాఠం రెండుసార్లు అర్థమవుతుందని నాకు తెలిసింది ఆ బడిలోనే. తమిళం వీధిలో వచ్చింది, కన్నడం సంతలో వచ్చింది. మన ప్రాంతపు పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. తెలుగు అక్షరం గట్టిగా వచ్చిన బిడ్డకు కన్నడ అక్షరం సగం వచ్చినట్లే. తమిళంలో కాలికీ గాలికీ మొదటి అక్షరం ఒక్కటే గనుక, ఆ తేడా చెవితో పట్టుకోవాలని కూడా ఆ బిడ్డకు త్వరగా తెలుస్తుంది. ఒక రాత కుదురుకున్నాక మరొకటి దానిమీద నిలుస్తుంది.

ఆ తరువాత పఠాన్‌కోట. ఎనిమిదో తరగతి. తమిళనాట ప్రభుత్వ బడులలో 1968 నుండి రెండు భాషల విధానమే గనుక రెండేళ్లు హిందీ పుస్తకం ముట్టలేదు. ఆ రెండేళ్ల హిందీ, దానితో సంస్కృతం ఒక్కసారి మీద పడ్డాయి. తోటి పిల్లలకు నేను ‘మద్రాసీ’ని. తొమ్మిదో తరగతికి సికింద్రాబాదు వచ్చాము. ఇక మన నేలకు వచ్చామనుకున్నాను. అక్కడ నా తెలుగు విని ‘అరవ తెలుగు’ అన్నారు. నేను చేరిన బడి తెలుగు నేల మీదే ఉన్నా, నా తరగతిలో తెలుగు పాఠం లేదు. ఉత్తరాదికి తమిళురాలిని, తమిళనాట తెలుగుదానిని, తెలుగునాట అరవదానిని. ఈ మూడు పేర్లలో ఏదో ఒకటి మీరందరూ మోసే ఉంటారు. మన తెలుగులో తక్కువేమీ లేదని, అది ఈ నేల మీద పెరిగిన తెలుగని చెప్పే పెద్దవారు ఇంట్లో ఉంటే పిల్ల నిలబడుతుంది. లేకుంటే ఆ మాటను దాచుకోవడం నేర్చుకుంటుంది.

సైనికుని బిడ్డ సరిహద్దులు దాటి పోతుంది. మనమేమో కదలలేదు. సరిహద్దు గీతే మనలను దాటి పోయింది. ఫలితం మాత్రం ఒక్కటే. బడి నుడి వేరు, ఇంటి నుడి వేరు. అందువల్ల ఇద్దరికీ పనికివచ్చే హక్కులను కలిపి చెబుతాను.

మొదటిది, బడి మారే హక్కు. 2009 విద్యాహక్కు చట్టం 5వ విభాగం ప్రకారం ఒక రాష్ట్రంలోపల గాని, మరొక రాష్ట్రానికి గాని మారవలసి వచ్చిన బిడ్డకు ప్రభుత్వ బడికి, ప్రభుత్వ సహాయం పొందే బడికి బదిలీ కోరే హక్కు ఉంది. పాత బడి పెద్ద వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందనే సాకుతో కొత్త బడి ప్రవేశాన్ని ఆపరాదు. 4వ విభాగం ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేరిన బిడ్డ తోటివారిని అందుకునేందుకు ప్రత్యేక శిక్షణ పొందవచ్చు. ఎక్కడా ఈ విభాగాల పేరు చెప్పి అడగడానికి సంకోచించకండి.

రెండవది, కేంద్రీయ విద్యాలయాలలో మాతృభాష. 15 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులు కోరితే ప్రాంతీయ భాషనో మాతృభాషనో అదనంగా నేర్పే ఏర్పాటు చేయవచ్చునని వారి నియమావళిలోనే ఉంది. అందుకు ఒప్పంద పద్ధతిలో ఉపాధ్యాయుణ్ణి పెట్టుకోవచ్చు. ఒక సైనిక స్థావరంలో 15 తెలుగు కుటుంబాల సంతకాలు సంపాదించడం ఒక్క ఆదివారం పని. సీబీఎస్‌ఈ పరీక్షలలో కూడా తెలుగు ఒక విషయంగా ఉందని మరవకండి.

మూడవది రాజ్యాంగానిది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా యత్నించాలని చెప్పింది. అంతకుముందే, 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం, బడి మొత్తంలో 40 మంది గాని ఒక తరగతిలో 10 మంది గాని ఉంటే వారి నుడిలో నేర్పే ఉపాధ్యాయుణ్ణి వేయాలని తీర్మానించింది. 40, 10, 15: ఈ మూడు అంకెలు మన పిల్లలకు ఎక్కాలలాగా రావాలి.

తమిళనాడు కుటుంబాలకు మరొక మాట. 2006 తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుండి ఏటా ఒక తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2015-16కు పదో తరగతిని చేరింది. మినహాయింపు కోసం మనవారు కోర్టులు ఎక్కవలసి వచ్చింది. 2023లో సుప్రీంకోర్టు కూడా ఆ యేటి పరీక్షకు మినహాయింపునిచ్చింది. ఏటా ఒక తీర్పు కోసం ఎదురుచూసే చదువు నిలకడ చదువు కాదు. తమిళం నేర్వడానికి మనకు అభ్యంతరం లేదు. మన ఇళ్లలో తమిళం రానివారు తక్కువ. దాని పక్కన తెలుగుకు కూడా మార్కుల పట్టీలో చోటుండాలనేదే మన కోరిక. నాయనతో పాటు పదేళ్లు బయట తిరిగి తొమ్మిదో తరగతిలో సొంత ఊరికి చేరే బిడ్డను తలచుకుంటే ఈ కోరిక ఎంత చిన్నదో తెలుస్తుంది.

హక్కుల మాట ఇంతటితో ఆపి ఇంటి మాట చెబుతాను. నాయన ఉత్తరాలు నాకు అక్షరం నేర్పాయని చెప్పాను. ఇప్పుడు సరిహద్దు కాపలాలో ఉన్న తండ్రి ఫోనులో ముఖం చూపించి మాట్లాడుతున్నాడు. సంతోషం. కాని ఆ ఫోను వల్ల ఇంట్లో అక్షరానికి ఉన్న చివరి అవసరం కూడా పోయింది. పోయిన అవసరాన్ని మనమే కల్పించుకోవాలి. నెలకు ఒక్క ఉత్తరం, చేతితో, తెలుగులో రాయమని తండ్రులను అడగండి. చివర ప్రతి బిడ్డకూ విడిగా నాలుగు పంక్తులు రాయమనండి. జవాబు బిడ్డే రాయాలి. తప్పులు దిద్ది తిప్పి పంపవద్దు. జవాబు వచ్చిందన్న సంతోషం చాలు.

బదిలీకి మూట కట్టేటప్పుడు టీసీ, మార్కుల పట్టీలతో పాటు వదిలిపోతున్న తరగతి తెలుగు వాచకాన్ని కూడా ట్రంకు పెట్టెలో వేయండి. కొత్త ఊరిలో ఆ పుస్తకం దొరకదు. రోజుకు రెండు పుటలు బిగ్గరగా చదివిస్తే ఏడాదిలో ఒక పుస్తకం పూర్తవుతుంది.

ఊళ్లలో ఉన్న మనకూ ఒక పని ఉంది. ఉత్తరాది బడులకు మే, జూన్ నెలలలో సెలవులు. జవాన్ల కుటుంబాలు ఊరికి వచ్చేది అప్పుడే. ప్రతి పెద్ద పల్లెలోనూ ఆ రోజులలో పొద్దున గంటన్నర తెలుగు బడి పెట్టుకుందాము. రచ్చకట్ట చాలు, రిటైరయిన అయ్యవారు ఒక్కరు చాలు. మన ఊరి పిల్లలు, వచ్చిన పిల్లలు కలిసి కూర్చోవాలి. అట్లా వచ్చిన బిడ్డ యాసను ఎవ్వరూ ఎగతాళి చేయకూడదన్నది ఆ బడికి మొదటి నియమం కావాలి. దూరం నుండి వచ్చిన తెలుగును మనమే నవ్వితే, మన తెలుగును నవ్వేవారిని అడిగే అర్హత మనకుండదు.

ఈ సమావేశం ముగిసేలోగా తలుపు దగ్గర ఒక పుస్తకం ఉంచుతారు. మీ ఇంటి నుండి సైన్యంలో ఉన్నవారి పిల్లలు ఏ ఊరిలో, ఏ తరగతిలో చదువుతున్నారో అందులో రాయండి. ఒకే ఊరిలో పదిహేను మంది కనబడితే, ఆ బడికి రాయవలసిన విన్నపాన్ని మేమే తయారుచేసి మీ చేతికిస్తాము. సంతకాలు మీవి.