మాత్రను మానవలదు, బాధను దాచవలదు

రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగినది, గాయము మానినది, చుట్టపక్కములు పరామర్శించి వెళ్ళినారు. ఇక మిగిలినది దినమునకొక చిన్న మాత్ర. దానిని సాధారణముగా ఐదేండ్లు, కొందరు అంతకు మించియు, వాడవలెను. ఇంటివారి దృష్టిలో జబ్బు తీరిపోయినది. ఆమెకు మాత్రము నడిరేయి ఒళ్ళంతయు సెగలెత్తి, చెమటతో రవిక తడిసి, నిద్ర చెడును. తెల్లవారి లేవబోగా వ్రేళ్ళు ముడుచుకొనవు, మోకాళ్ళు పట్టుకొనిపోవును. ప్రాణము దక్కినది గదా, ఇంకను గోడు చెప్పుకొనుట యెందుకని ఊరకుండును. మేము అడిగినపుడు “వేసుకుంటున్నానండీ” అనును. కాని మాత్ర మాని నెలలు గడచియుండును. ఈ మౌనమును గురించియే నేడు మేము చెప్పదలచితిమి.

రొమ్ము క్యాన్సరులలో అధికభాగము ఈస్ట్రోజెన్ అను స్త్రీ హార్మోను వలన పెరుగునట్టివి. 1896లో గ్లాస్గో నగరపు శస్త్రవైద్యుడు బీట్సన్, అండాశయములను తొలగించినచో కొందరు రోగులలో ఈ వ్యాధి తగ్గునని ప్రకటించెను. నేడు మాత్రలే హార్మోనును అడ్డగించుచున్నవి. హార్మోను కణమును అంటుకొను చోటును టామాక్సిఫెన్ ముందుగా ఆక్రమించుకొనును. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ మాత్రలు ముట్లుడిగినవారి శరీరమున ఆ హార్మోను తయారగుటనే చాలవరకు ఆపును. ఇట్టి క్యాన్సరుకు సుమారు ఐదేండ్లు టామాక్సిఫెన్ వాడినవారిలో, 15 ఏండ్ల కాలమున ఆ వ్యాధి వలని మరణములు దాదాపు మూడవవంతు తగ్గినవని 2011లో వెలువడిన సమీక్ష తెలిపినది. మాత్ర చిన్నదే, దానిని మానుట చిన్న సంగతి కాదు.

అయినచో బాధను సహించుటయే గతియా? కాదు. సెగలకు నూలుబట్టలు, పలుచని దుప్పటి, ప్రక్కన చల్లని నీటి చెంబు కొంత ఉపశమనమిచ్చును. వేడి కాఫీయో, కారమో తమకు సెగ రేపుచున్నదేమో గమనించి తగ్గించుకొనవలెను. తగ్గనిచో మందులును కలవు. కాని వైద్యుని అడుగక వాడరాదు; పారోక్సెటిన్ వంటి కొన్ని మందులు టామాక్సిఫెన్ బలమును తగ్గించును. నాటుమందులు, చూర్ణములు వాడుచున్నను దాచక చెప్పవలెను.

కీళ్ళనొప్పికి పడకకంటె నడక మేలు. మొదట కొద్దిదూరము నడచి, క్రమముగా పెంచుకొనవలెను. అప్పటికిని తగ్గనిచో వైద్యుడు ఒక మాత్రకు బదులు వేరొక మాత్ర ఈయవచ్చును. లెట్రోజోల్ వంటివి ఎముకలను పలుచబరచును గనుక ఎముకల సాంద్రతా పరీక్ష చేయించుకొనవలెను. పాలు, పెరుగు, రాగులు ఆహారమున నుండవలెను. కాల్షియము, డి విటమిను మాత్రలు వైద్యుడు చెప్పిన మేరకు వాడవలెను.

మర్మస్థానము పొడియారి దాంపత్యము బాధాకరమగుట మరియొకటి. ఇది సిగ్గుపడవలసిన విషయము కాదు. హార్మోను లేని లేపనములు కలవు. హార్మోనుతో కూడినవి వైద్యుని అనుమతి లేక వాడరాదు. ఈ చికిత్స జరుగుచుండగా గర్భము ధరింపరాదు.

కొన్ని లక్షణములు కనబడినచో మాత్రము ఆలస్యము తగదు. ఒక కాలు వాచి నొప్పిపుట్టినను, హఠాత్తుగా ఆయాసమో గుండెనొప్పియో వచ్చినను, వెంటనే ఆసుపత్రికి పోవలెను. ముట్లుడిగిన పిమ్మట రక్తస్రావము కనబడినచో అది కొంచెమే యైనను శీఘ్రముగా పరీక్ష చేయించుకొనవలెను.

ఇంటిలోనివారికి ఒక్క మాట. “రాత్రి నిద్రపట్టలేదు” అని ఆమె యన్నపుడు, “నీకంటె పెద్ద కష్టములు పడువారు లేరా” అనకుడు; కూర్చుండి వినుడు. గోడమీది క్యాలెండరులో ఏ దినమున ఏ బాధ కలిగినదో వ్రాసికొని, ఈసారి వైద్యునికడకు వెళ్ళునపుడు ఆ కాగితమును వెంట తీసికొనిపొండు. మాత్ర మానియున్నచో ఆ మాటయు చెప్పుడు. మేము కోపింపము. తెలిసిన బాధకు ఉపాయము వెదుకవచ్చును. తెలియనిదానికి మేమేమి చేయగలము?