లెక్కలోనికి రాని బిడ్డ



మన పాఠశాలలలో చూపు మందగించినవారు, వినికిడి లేనివారు, నడువలేనివారు, బుద్ధి నెమ్మదిగా వికసించువారు కొందఱు పిల్లలు కలరు. వీరి చదువునకై ప్రభుత్వము వేరుగా ధనము కేటాయించుచున్నది. ఆ ధనము మన యూరి బిడ్డకు న్యాయముగా చేరు టెట్లు? అదియే నేటి నా ప్రసంగవిషయము.

మొదట నా తప్పు నొకదానిని చెప్పుకొందును. నేను ఉపాధ్యాయుడనుగా నున్న కాలమున నా తరగతిలో నొక బాలిక వెనుకవరుసను కూర్చుండెడిది. పిలిచిన పలుకదు, అడిగిన చెప్పదు. మందమతి యనుకొంటిని. పిల్లల వివరములు పంపు పట్టికలో వైకల్య మనుచోట ‘లేదు’ అని రెండేండ్లు వ్రాసితిని. మూడవయేట మండలకేంద్రము నుండి వచ్చిన ప్రత్యేకోపాధ్యాయిని యా బిడ్డ వెనుక నిలిచి చప్పట్లు చఱచినది. బిడ్డ తిరిగి చూడలేదు. ఆమెకు లోపించినది వినికిడి! పిదప శ్రవణయంత్రము వచ్చినది, చదువును వచ్చినది. పోయిన రెండేండ్లు మాత్రము తిరిగి రాలేదు. అందులకు నా కలమే కారణము.

2018లో ఆరంభమైన సమగ్ర శిక్షా పథకమున ఇట్టి బిడ్డ యొక్కరికి ఏటికి 3,500 రూపాయలవఱకు కేటాయింపు నిర్ణయింపబడినది. ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పదినెలల భృతియు నేర్పఱుపబడినది. ఈ మొత్తము పిల్లల సంఖ్యనుబట్టి కట్టునది. కావున పదిమంది యున్నచోట నలుగురే యని వ్రాసినచో, 35,000 రూపాయలకు మారుగా 14,000 రూపాయలకే అంచనా పోవును.

అందఱికి సమముగా పంచుటయే న్యాయమని తలంపరాదు. చూపులేని బిడ్డకు బ్రెయిలీ పుస్తకములు కావలెను. నడువలేని బిడ్డకు చక్రముల కుర్చీయు, బడికి చేర్చు బండికూలియు కావలెను. మఱియొకనికి కండరములు సడలించు వ్యాయామచికిత్స కావలెను. తలకింత యని లెక్కించినను వ్యయము అవసరమునుబట్టియే జరుగవలెను.

ఇందు మీరు చేయదగిన పనులు మూడు.

మొదటిది లెక్క. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. కంటికి కనబడనివియు వానిలో కలవు. ప్రధానోపాధ్యాయుడు యూడైస్ పట్టికను పంపుటకు ముందే, మన యూరి బిడ్డ లందఱు అందు చేరిరా యని అడుగుడు. బిడ్డను దాచుకొను తల్లిదండ్రులకు ధైర్యము చెప్పి వైద్యపరీక్షకు పంపుడు.

రెండవది ప్రణాళిక. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడువంతుల సభ్యులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు, సగముమంది స్త్రీలు. 2012 నాటి సవరణచే వైకల్యముగల పిల్లలును ప్రత్యేక శ్రద్ధకు పాత్రులైన వర్గమున చేరిరి. అందుచే వారి తల్లిదండ్రులకును సంఘమున తగు స్థాన ముండవలెను. ఈ సంఘము వ్రాయు పాఠశాలాభివృద్ధి ప్రణాళికయే గ్రాంటులకు ఆధారము కావలెనని చట్టము చెప్పుచున్నది. మార్చి 31వ తేదీతో ఆర్థిక సంవత్సరము ముగియును గావున అంతకుముందే యే బిడ్డకేమి కావలెనో అందు వ్రాయింపుడు. ‘వికలాంగులకు వసతులు’ అని ముక్తసరిగా వ్రాసిన చాలదు. మెట్లప్రక్కన వాలుబాట, తోడువచ్చువారి భత్యము, భవిత కేంద్రమునకు వారమున కెన్నిరోజుల ప్రయాణము—ఇట్లు విడివిడిగా వ్రాయింపవలెను.

మూడవది ఆరా. మంజూరైన దేమి, వచ్చిన దేమి, బిడ్డచేతి కందిన దేమి యని సంఘసమావేశమున అడిగి, జవాబును మినిట్సు పుస్తకమున వ్రాయింపుడు. రానిదానికి మండల విద్యాధికారికి వ్రాతమూలముగా తెలుపుడు. నోటిమాట గాలికి పోవును, కాగితము నిలుచును.

అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. ఈ పిల్లలలో కొందఱికి అడుగుటకు నోరే లేదు. వారి పక్షమున అడుగవలసినవారు మీరే. రేపు బడివైపు నడచినప్పుడు వెనుకవరుసను ఒకసారి చూడుడు.