పసిబిడ్డల ఊపిరికి చిన్ని కవచము



చలిగాలి తిరిగినంతనే పసిబిడ్డలకు పడిశము పట్టుట మనకు క్రొత్త గాదు. నాలుగు దినములు ముక్కు కారి, పిదప దానంతట అదియే తగ్గిపోవును. కాని కొందరు శిశువులలో ఆ పడిశమే రొమ్మునకు దిగి, పిల్లికూతలు పుట్టి, డొక్కలెగురుచు, పాలు త్రాగుటకైన ఊపిరి చాలని స్థితి వచ్చును. గ్రామములలో సభలు జరుపునపుడు తల్లులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "ఇన్ని మందులు వచ్చినవి గదా, ఈ జలుబుకు మందు లేదా?" అని. దానికి శాస్త్రజ్ఞులు వెదకిన సమాధానమును, ఆ వెదకులాట మనకు నేర్పిన పాఠమును నేడు మీకు మనవి చేయదలచితిమి.

ఇట్టి శ్వాసరోగమును కలిగించు వానిలో ముఖ్యమైనది ఆర్.ఎస్.వి. అను వైరసు. 1956లో అమెరికాలో పడిశము పట్టిన చింపాంజీలయందు దీనిని మొదట కనుగొనిరి. మరుసటి సంవత్సరమే పసిబిడ్డలలోను గుర్తించిరి. 2019లో ప్రపంచమున అయిదేండ్లలోపు బిడ్డలు లక్షమందికి పైగా దీని పాలబడి మరణించిరని శాస్త్రజ్ఞుల అంచనా. వారిలో నూటికి 45 మంది ఆరు నెలలైన నిండనివారు. ఈ మరణములలో నూటికి 97 పేద, మధ్యతరగతి ఆదాయముగల దేశములలోనే సంభవించినవి. కనుక ఇది మన యింటి ముచ్చటయే.

శరీరములో శత్రువు ప్రవేశించినపుడు మన నెత్తురు ప్రతిరక్షకములను తయారుచేయును. ప్రతిరక్షకము పంగలకర్రవలె నుండును. దాని రెండు కొనలును వైరసును పట్టుకొని, అది మన కణములలో చొరకుండ అడ్డుకొనును. సామాన్యముగా ఒక్కొక్క కొన రెండు ముక్కలు జతపడగా ఏర్పడును. ఆ జత విడిపోయిన పట్టు సడలును. ఇంత పెద్ద వస్తువును మందుగా తయారుచేయుట ఖర్చుతో కూడిన పని.

ఈ చిక్కును విప్పినది ఒంటె! బెల్జియం దేశమున బ్రస్సెల్సు విశ్వవిద్యాలయములో ఆచార్య రేమండ్ హామర్సు బృందము ఒంటె నెత్తురును పరీక్షించుచు ఒక వింతను గమనించెను. ఒంటె ప్రతిరక్షకములలో కొన్నింటికి జతముక్క లేదు. ఒంటి ముక్కయే వైరసును గట్టిగా పట్టుచున్నది. ఈ సంగతి 1993లో ప్రకటితమైనది. ఆ కొనను మాత్రము వేరుచేసిన, అది మామూలు ప్రతిరక్షకములో పదవ వంతు మాత్రమే యుండును. దీనినే నానోబాడీ యనుచున్నారు. ఇది చిన్నదైనను దృఢమైనది; వేడికి సులభముగా చెడదు; ఈస్టు వంటి సూక్ష్మజీవుల చేత తొట్లలో పెంపించి దీనిని తీయవచ్చును.

దక్షిణ అమెరికాకు చెందిన లామా యను జంతువు ఒంటెకు చుట్టము. దాని నెత్తురులోను ఈ గుణమే కలదు. బెల్జియములోని గెంట్ నగరమందలి అబ్లింక్స్ సంస్థవారు ఆర్.ఎస్.వి. పైకి మందు తయారుచేయుటకు లామాను ఆశ్రయించిరి. వైరసు మన కణములలో చొరబడుటకు సాధనమైన ఎఫ్ అను మాంసకృత్తును లామాకు సూదిద్వారా ఎక్కించిరి. పిదప కొంత నెత్తురు తీసి, అందు పుట్టిన అసంఖ్యాకములైన ప్రతిరక్షక శకలములలో వైరసును గట్టిగా పట్టువానిని, రైతు విత్తనములను చేటతో చెరిగి ఏరినట్లు, ఏరి తీసిరి. మేలైన శకలమును మూడు ప్రతులుగా గొలుసుకట్టిరి. ఒక చేతి పట్టుకంటె మూడు చేతుల పట్టు బలమైనది గదా!

ఈ మందు పేరు ఏ.ఎల్.ఎక్స్. 0171. సూది అవసరము లేదు. ఆవిరివలె చేసి ఊపిరితో లోనికి పీల్పింపవచ్చును. ప్రయోగశాలలో రోగుల నుండి సేకరించిన వైరసులపై పరీక్షింపగా, నూటికి 87 వైరసుల పెరుగుదలను కానరానంతగా అణచినది. 1998లో వాడుకలోనికి వచ్చిన పాలివిజుమాబ్ అను పూర్తి ప్రతిరక్షకము అదే మోతాదులో 18ని మాత్రమే అణచినది.

ఇక ఆసుపత్రులలో చేరిన పసిబిడ్డలకు దీనిని ఇచ్చి చూచిరి. ఆ ఫలితములు 2021లో ప్రకటితమైనవి. వైరసు తగ్గినది. కాని బిడ్డలు తొందరగా కోలుకొనలేదు! ఏల? బిడ్డ ఆసుపత్రి చేరునప్పటికే సన్నని ఊపిరి గొట్టములు వాచి, కఫముతో పూడిపోయి యుండును. దొంగను పట్టినను, అప్పటికే తగులబడిన గడ్డివామి తిరిగి రాదు గదా.

ఇందుచేత శ్రమయంతయు వ్యర్థమైనదని తలపరాదు. శకలములు మందులుగా పనిచేయునని ఋజువైనది. అరుదైన ఒక రక్తవ్యాధికి ఇట్టి మందును ఐరోపాలో 2018లో ఆమోదించిరి. ఆర్.ఎస్.వి. విషయమున తేలిన సత్యమేమనగా, కవచమును యుద్ధమునకు ముందే తొడగవలెను. ఈ మార్గముననే నిర్సెవిమాబ్ అను పూర్తి ప్రతిరక్షకమును రూపొందించిరి. ఒక్క సూదితో బిడ్డను సుమారు అయిదు నెలలు కాపాడు ఈ మందును ఐరోపా 2022లోను, అమెరికా 2023లోను ఆమోదించినవి. గర్భిణులకు వేయు టీకా కూడ 2023లో ఆమోదము పొందినది. ఇవి మన పల్లెలలోని ప్రతి బిడ్డకు చేరవలసి యున్నవి.

అంతవరకు మన చేతిలోని కవచము కాలమును గుర్తించుటయే. బిడ్డ నెమ్మదిగా నున్నపుడు నిండు నిమిషము పాటు ఊపిరులను లెక్కింపుడు. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, అయిదేండ్లలోపు బిడ్డకు 40, లేక అంతకు మించినచో అది ప్రమాద సూచన. డొక్కలు లోనికి పీకుచున్నను, పాలు త్రాగలేకున్నను, పెదవులు నీలివర్ణము దాల్చినను ఒక్క ఘడియ జాగు చేయక 108కి కబురు చేసి ఆసుపత్రికి చేర్పుడు. నాటు వైద్యముతోను, వాతలతోను ప్రొద్దు పుచ్చవలదు. వైరసుపై యాంటిబయాటిక్ బిళ్లలు పనిచేయవు గనుక వైద్యుని సలహా లేక వానిని వాడవలదు. తల్లిపాలు మానవలదు. పడిశము పట్టినవారు చేతులు కడుగుకొననిదే బిడ్డను ఎత్తుకొనరాదు. పొయ్యి పొగ, చుట్ట పొగ బిడ్డకు సోకనీయరాదు.

ఎంతో నేర్పుతో చేసిన మందును సయితము ఆలస్యము ఓడించినది. ఆ ఆలస్యమును జయించుట మాత్రము మనలో ప్రతి యొక్కరి చేతిలోను కలదు. ఈ మాటను మీ యింటి తల్లులకు, ఇరుగు పొరుగువారికి చేరవేయ ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాము.