మన వాహనము, మన చేతిపని, మన హక్కు

(తర్లగూడలో తపాలా, రైల్వే ఉద్యోగుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



సంఘ సమావేశమనగానే వేతన సవరణ, కరువు భత్యము, పింఛను, ఖాళీల భర్తీ మనకు జ్ఞప్తికి వచ్చును. నేడు నాకు అప్పగించిన విషయము అట్టిది కాదు. ఇంటి ముందు నిలిపియున్న కారును, మోటారు సైకిలును మన చేతులతో మనమే ఎట్లు కాపాడుకొనవలెను, చిన్న మరమ్మతులను ఇంటివద్ద ఎంతవరకు చేసికొనవచ్చును, ఎచ్చట ఆగిపోవలెను అనునదే నేటి విషయము. ఇది చిన్న విషయమని తలచువారు తర్లగూడలో ఒక్క వర్షాకాలము గడిపినచో తమ అభిప్రాయమును తప్పక మార్చుకొందురు.

బీజాపూరు జిల్లాలో నేటికిని రైలుమార్గము లేదు. ఒకవైపు భోపాలపట్నము, వేరొకవైపు తెలంగాణ సరిహద్దు. ఈ రెంటిని కలుపునది 163వ నంబరు జాతీయ రహదారి. ఏటూరునాగారము సమీపమున ముల్లకట్ట వద్ద గోదావరిపై వంతెన 2016లో ప్రారంభమైన నాటినుండి ఈ దారిలో రాకపోకలు పెరిగినవి, సొంత వాహనములును పెరిగినవి. కాని 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వాజేడు మండలములోని టేకులగూడెము వద్ద ఇదే రహదారి నీట మునిగినది. అట్టి దినములలో విడిభాగము రాదు, మెకానిక్కు రాడు, బస్సు రాదు. కాని టపా సంచి మాత్రము కదలవలెను. ఆస్పత్రికి పోవలసిన వారు పోవలెను. డ్యూటీకి పిలుపు వచ్చిన రైల్వే సోదరుడు స్టేషను చేరవలెను.

ఇది మనకు క్రొత్త విద్య కాదు

ఇక్కడకు కాజీపేట నుండి వచ్చిన సోదరులున్నారు. లోకోషెడ్డులో ఇంజను చెడిపోవు వరకు ఎవ్వరును వేచియుండరు. ఇన్ని దినములకు ఈ తనిఖీ, ఇన్ని నెలలకు ఆ తనిఖీ, ఇన్ని సంవత్సరములకు సంపూర్ణ ఓవర్‌హాలు అని ముందే షెడ్యూలు వ్రాసియుండును. లాలాగూడ, రాయనపాడు వర్క్‌షాపులు నడచునది ఈ సూత్రముపైననే. ఆగిపోయిన దానిని నడిపించుట మరమ్మతు. ఆగకుండ చూచుట సంరక్షణ. మొదటి దానికి డబ్బు కావలెను, రెండవ దానికి క్రమశిక్షణ కావలెను. మనకు డబ్బు తక్కువ, క్రమశిక్షణ మాత్రము ఉద్యోగమే నేర్పినది.

బండి స్టేషనులో ఆగగానే క్యారేజి సిబ్బంది యాక్సిల్ బాక్సు వేడిని చేతితో పరీక్షించు పద్ధతి మనలో పెద్దవారికి తెలియును. ఇదే పరీక్ష కారునకును పనికివచ్చును. కొంత దూరము నడిపి ఆపిన తరువాత నాలుగు చక్రముల దగ్గరకు చేతి వెనుకభాగమును తాకకుండ తెచ్చి చూడుడు. మూడు చక్రములు ఒక తీరున ఉండి ఒకటి మాత్రము మిక్కిలి వేడిగా ఉన్నచో ఆ చక్రమున బ్రేకు పట్టుకొనుచున్నదనియో, బేరింగు పోవుచున్నదనియో అనుమానింపవలెను. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

వారమునకు ఒక పావుగంట

ఆదివారము ఉదయము, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, చదునైన నేలపై బండి నిలిపి ఐదు అంశములు చూడవలెను.

మొదటిది ఇంజను ఆయిలు. డిప్‌స్టిక్కును తీసి, తుడిచి, మరల పూర్తిగా దింపి తీయవలెను. ఆయిలు రెండు గుర్తుల నడుమ ఉండవలెను. తక్కువైనచో పోయవలెను, పై గుర్తు దాటరాదు. ఎక్కువైనను ఇంజనుకు హానియే.

రెండవది కూలెంటు. పక్కనున్న చిన్న డబ్బాలో మట్టము బయటనుండియే కనబడును. వేడిగానున్న రేడియేటరు మూతను ఎన్నడును తీయరాదు. లోపలి నీరు ఒత్తిడిలో నూరు డిగ్రీలు దాటియుండును. మూత వదులు కాగానే అది పొంగి ముఖమునకు చిమ్మును.

మూడవది బ్రేకు ఆయిలు. మట్టము తగ్గినచో పోసి ఊరకుండుట ప్రమాదకరము. బ్రేకు ప్యాడ్లు అరిగినందున తగ్గినదా, ఎచ్చటనైన కారుచున్నదా అని విచారింపవలెను. కారుచున్న ఎడల ఆ బండిని ఇక నడుపరాదు.

నాలుగవది బ్యాటరీ. నీరు పోయవలసిన రకమైనచో డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. బావినీరు, కుళాయినీరు పనికిరాదు. టెర్మినళ్ళపై పట్టిన తెల్లని, పచ్చని పొడిని గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి కడిగి, ఆరబెట్టి, కొంచెము వ్యాజలీను పూయవలెను. విప్పునప్పుడు మైనస్ తీగను ముందు విప్పవలెను, బిగించునప్పుడు దానిని చివర బిగించవలెను. బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడును గనుక బీడీ, అగ్గిపుల్ల ఆ దరిదాపులకు రారాదు.

ఐదవది టైర్లు. గాలి ఎంత ఉండవలెనో డ్రైవరు తలుపు దగ్గరి చీటీపై వ్రాసియుండును. టైరు చల్లగానున్నప్పుడే కొలవవలెను. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో చట్టము ప్రకారము అది పనికిరాని టైరు. గాడుల అడుగున చిన్న గట్లవంటి గుర్తులుండును. రబ్బరు అరిగి ఆ గట్లతో సమమైనప్పుడు మార్చవలసినదే. స్టెప్నీలో గాలి ఉన్నదో లేదో కూడ ఆనాడే చూడవలెను. దానిని చూడనివారే అడవిదారిలో రెండు పంక్చర్లతో నిలిచిపోవుదురు.

మోటారు సైకిలుపై టపా పంచు సోదరులు దీనికి తోడు చైను చూడవలెను. మట్టిదారిలో చైను త్వరగా ఎండి సాగిపోవును. శుభ్రపరచి ఆయిలు పట్టించి, బండి పుస్తకములో చెప్పినంత వదులు ఉంచవలెను. మరీ బిగించినచో బేరింగులు దెబ్బతినును, మరీ వదులైనచో చైను జారి చక్రమును పట్టివేయును.

ఇంటివద్ద చేసికొనదగిన పనులు

ఎయిర్ ఫిల్టరు మార్చుట, వైపర్ రబ్బర్లు, బల్బులు, ఫ్యూజులు మార్చుట ఎవ్వరైనను చేయగలరు. ఇక్కడి ఎర్రదుమ్ములో ఎయిర్ ఫిల్టరును పుస్తకములో వ్రాసిన గడువుకంటె ముందుగనే చూడవలెను. కాగితపు ఫిల్టరును నీటితో కడుగరాదు. ఫ్యూజు పోయినచో అదే ఆంపియరు ఫ్యూజునే పెట్టవలెను. సిగరెట్టు పెట్టెలోని వెండికాగితము చుట్టుట, రాగితీగ కట్టుట బండిని తగులబెట్టుకొనుటయే. మార్చిన ఫ్యూజు వెంటనే మరల పోయినచో దోషము తీగలలో ఉన్నదని గ్రహింపవలెను.

చక్రము మార్చుటలో వరుస ముఖ్యము. హ్యాండ్ బ్రేకు వేసి, ఎదుటి చక్రములకు రాళ్ళు పెట్టి, చక్రము నేలపై ఉండగనే నట్లను కొంచెము వదులు చేయవలెను. తరువాతనే జాకీ ఎత్తవలెను. బిగించునప్పుడు ఒకదాని తరువాత పక్కది గాక, ఎదురెదురుగా బిగించవలెను. కొద్ది దూరము పోయిన పిమ్మట మరొకసారి బిగింపు చూడవలెను. జాకీపై మాత్రమే నిలిచిన బండి క్రిందకు ఎవ్వరును దూరరాదు. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు.

ఇంజను ఆయిలు మార్చుట కొంత అనుభవముతో సాధ్యమే. సరియైన రకము, సరియైన పరిమాణము, క్రొత్త ఫిల్టరు, డ్రెయిన్ బోల్టునకు క్రొత్త వాషరు ఉండవలెను. బండిని గట్టి స్టాండ్లపై నిలిపిన తరువాతనే క్రిందకు పోవలెను. తీసిన పాత ఆయిలును చెట్టు మొదట, కాలువలో, గోదావరి ఒడ్డున పారబోయరాదు. అది ప్రమాదకర వ్యర్థమని చట్టమే చెప్పుచున్నది. డబ్బాలో నింపి, పాత ఆయిలు సేకరించు షెడ్డునకు ఇవ్వవలెను. మన ఇంటి ఖర్చు మిగుల్చుకొనుటకు ఊరి నీటిని చెడగొట్టు హక్కు మనకు లేదు.

వరదనీటిలో

నీరు నిలిచిన దారిలో ఇంజను ఆగిపోయినచో తాళము తిప్పి మరల స్టార్టు చేయుటకు ప్రయత్నింపరాదు. గాలి పీల్చు గొట్టము ద్వారా సిలిండరులోనికి నీరు చేరియుండవచ్చును. గాలి నొక్కుకొనును, నీరు నొక్కుకొనదు. పిస్టను పైకి వచ్చునప్పుడు దారిలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోవును. తోసికొనిపోయిన బండి చిన్న ఖర్చుతో బాగుపడవచ్చును, స్టార్టు చేయబోయిన బండికి ఇంజనే పోవచ్చును. నీరు దాటిన పిదప బ్రేకును మెల్లగా నాలుగైదుసార్లు నొక్కి తడి ఆర్పవలెను. మరునాడు డిప్‌స్టిక్కు చూడవలెను. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉన్నచో నీరు చేరినట్లే; ఆ బండిని కదపరాదు.

ఆగవలసిన చోటు

తెలిసినంత చేయుట ఎంత అవసరమో తెలియని చోట ఆగుటయు అంతే అవసరము. బ్రేకు గొట్టములు విప్పుట, స్టీరింగు, సస్పెన్షను స్ప్రింగులు, టైమింగ్ బెల్టు మన పని కాదు. ఎయిర్‌బ్యాగు తీగలను తాకరాదు. నేటి డీజిలు ఇంజనులలో ఇంధనము వాతావరణ పీడనమునకు వేయిరెట్లకు పైబడిన ఒత్తిడిలో ఉండును. దాని సన్నని ధార చర్మమును చీల్చుకొని పోగలదు. విద్యుత్ కార్లలో నారింజ రంగు తీగలు ప్రాణాంతకమైన వోల్టేజీ గలవి.

2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడరును, మారుతి 800ను వాడినవారికి ప్లగ్గులు, కార్బురేటరు, ఫ్యాను బెల్టు అన్నియు చేతికందు దూరములో ఉండెడివి. నేటి బండ్లలో కార్బురేటరు స్థానమున సెన్సార్లు, కంప్యూటరు వచ్చినవి. ఇంజను గుర్తు దీపము వెలిగినచో దానిని చదువుటకు పరికరము కావలెను. ఆ పరికరము, ఆ సమాచారము ఎవరి చేతిలో ఉండవలెను? ఇక్కడ చేతిపని దాటి హక్కుల విషయము మొదలగుచున్నది.

మరమ్మతు హక్కు

విడిభాగములను, సాంకేతిక సమాచారమును, పరీక్షా పరికరములను స్వతంత్ర మెకానిక్కులకు అందనీయక తమ గుప్పిట ఉంచుకొన్నవని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలపై రూ. 2,544 కోట్లకు పైగా జరిమానా విధించినది. బయటి మెకానిక్కు చేయి పెట్టినంత మాత్రమున వారంటీ మొత్తము రద్దగుననుట చెల్లదని కూడ ఆ తీర్పులో పేర్కొన్నది. కంపెనీలు అప్పీళ్ళకు పోయినవి. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కుపై ఒక కమిటీని నియమించినది. వ్యవసాయ పరికరములు, సెల్‌ఫోన్లు, గృహోపకరణములతోపాటు మోటారు వాహనములను కూడ దాని పరిధిలో చేర్చినది. ఈ హక్కు నగరములోని కారు యజమానికంటె తర్లగూడ వంటి చోట్ల ఉన్నవానికే ఎక్కువ అవసరము. కంపెనీ సర్వీసు కేంద్రము ఇచ్చటికి రాదు. రోడ్డు పక్కన చెట్టుక్రింద కూర్చున్న కుర్రవాడే మనకు దిక్కు. అతడును శ్రామికుడే. మనము నేర్చుకొనుట అతని కూలి తగ్గించుటకు కాదు. అతడు చేసిన పనిని అర్థము చేసికొని, తగిన కూలి మనస్ఫూర్తిగా చెల్లించుటకు.

సంఘము చేయవలసినది

చివరి మాట మిక్కిలి ముఖ్యమైనది. మన బండిని మనము బాగుచేసికొనగలమని తెలిసినచో, ‘మీ బండి, మీ ఖర్చు, మీ బాధ్యత’ అని చెప్పుటకు పైవారికి వీలు కలుగరాదు. ఉద్యోగపు పనికి తిరిగిన బండి ఆ మేరకు ఉద్యోగపు పనిముట్టే. గ్రామీణ డాక్ సేవకులకు సైకిలు నిర్వహణ భత్యమను పేర ఇచ్చునది సైకిళ్ళ కాలమును తలపించుచున్నది. 2018 సెప్టెంబరులో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ప్రారంభమైన పిదప డబ్బు చెల్లింపులు గడపవద్దకే పోవుచున్నవి. పని పెరిగినది, తిరుగుడు పెరిగినది; పెట్రోలు, టైరు, చైను ఖర్చు ఎవరు భరింపవలెను? అదే సంవత్సరము మే 22 నుండి గ్రామీణ డాక్ సేవకులు రెండు వారములకు పైగా సమ్మె చేసినారు. జూన్ 6న కేంద్ర మంత్రివర్గము వేతన సవరణకు ఆమోదము తెలిపినది. అడుగనిదే ఏదియు రాలేదు.

కావున మన కోరికలు స్పష్టముగ ఉండవలెను. డ్యూటీపై తిరిగిన దూరమునకు ఇంధనముతోపాటు అరుగుదల, సంరక్షణ ఖర్చును లెక్కింపవలెను. డ్యూటీలో బండి చెడి ఆలస్యమైనచో దానిని గైరుహాజరుగా పరిగణింపరాదు. ఈ కోరికలకు బలమిచ్చునది మన లెక్కల పుస్తకమే. ప్రతి సభ్యుడును తేదీ, మీటరు రీడింగు, చేసిన పని, అయిన ఖర్చు వ్రాసి ఉంచవలెను. నోటిమాటకంటె ఇరువదిమంది సంవత్సరపు లెక్క బలమైన వినతిపత్రము.

ఇక మనలో మనము చేసికొనవలసినది ఒకటి కలదు. మంచి జాకీ, రెండు జతల స్టాండ్లు, టైరు గేజి, బ్యాటరీ ఛార్జరు, పానాల సెట్టు ఒక్కొక్కరు కొనుట భారము. పదిమంది కలిసి కొని శాఖ ఆధీనమున ఉంచుట సులభము. షెడ్డులలో పనిచేసిన, విరమణ పొందిన రైల్వే సోదరులు నెలకొక ఆదివారము బోధకులుగా రావలెనని ఈ వేదికనుండి కోరుచున్నాను. మహిళా ఉద్యోగులు తప్పక పాల్గొనవలెను; దారిలో బండి ఆగినప్పుడు సహాయము కొరకు ఎదురుచూచుటలోని భయము వారికే ఎక్కువ తెలియును.

చేతికి పని తెలిసినవాడు మోసపోడు, లెక్క తెలిసినవాడు నష్టపోడు, సంఘముగా నిలిచినవాడు ఒంటరి కాడు. ఈ మూడును మనకు కలుగునుగాక అని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాను.