కొలిమి కన్నా ముందు శిక్షణ

1955 ఫిబ్రవరి 2న భిలాయి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరేనాటికి అక్కడ ఉక్కు కొలిమి లేదు. ఆ పని తెలిసినవాళ్లూ దేశంలో తక్కువే. అందుకే మన కుర్ర ఇంజనీర్లను సోవియట్ కర్మాగారాలకు శిక్షణకు పంపారు. కొలిమి పనితోపాటు రష్యన్ మాటలూ పట్టుబడాలి. ఇక అక్కడి చలి సంగతి చెప్పక్కర్లేదు! 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు.

ఆ ఇంజనీర్లు పరాయి దేశం వెళ్లింది ఉద్యోగం కోసం. అలా స్వచ్ఛంద సేవకు వెళ్లే దారీ ఉంది: ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం, 1970లో ఏర్పడింది. వాలంటీరుగా పరాయి దేశం చేరగానే జరిగే శిక్షణ సమావేశాన్ని మొక్కుబడి అనుకోకండి. భద్రత, స్థానిక మర్యాదలు, ఆపదలో ఎవరిని పిలవాలి అన్నవి అక్కడే తెలుస్తాయి. భిలాయి సెక్టార్లలోని మన తెలుగు పిల్లలూ, ఈ కార్యక్రమంలో దరఖాస్తుకు రుసుము లేదు. డబ్బు అడిగేవారిని నమ్మకండి.