వెన్నునొప్పికి కొలబద్ద
(గ్రంథాలయ సభయందు చేసిన ఉపన్యాసము)



కాలో చేయియో పోగొట్టుకొని వచ్చిన సైనికుని చూచి లోకమంతయు అయ్యో యనును. వెన్ను దెబ్బతిని, తుంటినుండి పాదమువరకు నరము నిప్పువలె మండుచున్నవానిని చూచినచో ఏమియు కానరాదు. కానరాని గాయమును రాజ్యము దేనితో కొలువవలెను? ఈ విషయమున అమెరికా సంయుక్తరాష్ట్రముల యనుభవము విచారింపదగినది.

అచ్చటి మాజీ సైనికుల శాఖ, సేవవలన కలిగిన లోపమునకు నూటికిన్ని పాళ్లని నిర్ణయించును. దానినిబట్టియే నెలసరి భృతి. 2003వ సంవత్సరమునుండి నడుము విషయమున ముఖ్యాధారము ముందునకు వంగు కోణము. ఆరోగ్యవంతుడు 90 డిగ్రీలు వంగును. 60కి మించి 85 వరకు వంగినచో 10 పాళ్లు. 30కి మించి 60 వరకు 20. 30కి మించి వంగలేనిచో 40. నడుము వంకరగా బిగిసిపోయిననే 50. నరముల బాధకు వేరు లెక్క కలదు: తుంటి నరము కొద్దిగా చెడిన 10, పూర్తిగా చచ్చుబడిన 80.

ఈ పాళ్లను కూడు విధము వేరు. 40, 20 కలిసి 60 కావు. 40 పోగా మిగిలిన 60లో నూటికి 20 చొప్పున 12, వెరసి 52, దానిని 50గా సరిపెట్టుదురు. మిగిలిన శక్తినుండియే తీసివేయవలెనను తర్కమిది.

మా యాక్షేపణ కూడికమీద గాదు, కోణముమీద. పరీక్షనాడు 70 డిగ్రీలు వంగినవాడు మరునాడు మంచము దిగలేకపోవచ్చును. వైద్యుడు చూచునది కొంతసేపు. నొప్పి యుండునది సంవత్సరమంతయు. అచ్చటి న్యాయస్థానములు ఈ కొరతను గ్రహించినవి. నొప్పివలన పని కుంటుపడుటనుగూడ లెక్కింపవలెనని 1995లో డెలూకా వ్యాజ్యమున తీర్పయ్యెను. పరీక్షనాడు నొప్పి ముదిరియుండలేదని వైద్యుడు ఊరక తప్పించుకొనరాదనియు, సైనికుని మాట విని ముదిరిననాటి స్థితిని అంచనావేయ యత్నింపవలెననియు 2017లో షార్ప్ వ్యాజ్యము తేల్చెను. రోగమునకు పేరు దొరకకున్నను, పనికి అడ్డుపడు నొప్పియే వైకల్యము కావచ్చునని 2018లో సాండర్సు వ్యాజ్యము చెప్పెను.

సాక్ష్యము ఇరుప్రక్కల సమతూకమైనపుడు సందేహఫలము సైనికునకే చెందవలెనని వారి శాసనము. మన సర్వోన్నత న్యాయస్థానమును 2013లో ధర్మవీర్ సింగ్ వ్యాజ్యమున ఇట్టి న్యాయమునే పలికినది: చేరునాడు వైద్యులు లోపము వ్రాయనిచో సైనికుడు ఆరోగ్యవంతుడుగనే చేరెనని యెంచవలెను, తరువాతి రోగము సేవవలన గాదని చూపు భారము వానిది గాదు, ప్రభుత్వముది.

మేము కోరునది దయ గాదు, ఋణము తీర్చుట. బరువు మోయించిననాడు వెన్ను ఎన్ని డిగ్రీలు వంగెనో రాజ్యము కొలువలేదు. భృతి యిచ్చునాడు మాత్రము కోణముతోనే సరిపెట్టుట ధర్మము గాదు.

అక్షరము నేర్చిన మనకును ఇందొక పని కలదు. మీ వీధిలోని మాజీ సైనికుడు అర్జీ వ్రాయించుకొన వచ్చినపుడు “నడుమునొప్పి” యని ఒక్కమాట వ్రాసి పంపకుడు. నొప్పి ముదిరిన దినములను, ఆనాడు వాడు చేయలేకపోయిన పనులను, తేదీలతో వ్రాయుడు. కొలబద్దకు కానరానిది కాగితముమీదనైన కానవచ్చును.