అనుభవం లేనివారికి తొలి కొలువు

(పట్టణ షాదీఖానాలో జరిగిన ఇంజనీరింగ్, ఎం.సి.ఏ. విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము కంప్యూటరు శాస్త్రం చదివినవారం కాము. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల నడుమ గడిపినవారం. ప్రోగ్రామింగ్ గురించి ఈ గుమాస్తా ఏం మాట్లాడతాడని మీలో కొందరు నవ్వుకొని ఉండవచ్చు. అది న్యాయమే. అయితే మా సంఘం తరఫున స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపిపెట్టిన పిల్లలే చదువు ముగించి ఖాళీగా కూర్చోవడం కొన్నేళ్లుగా చూస్తున్నాము. కోడ్ రాయడం నేర్పడం మావల్ల కాదు. తొలి కొలువు దారిలో మా కంటబడిన చిక్కులను చెప్పడానికే నిలబడ్డాము.

ముందుగా మా తప్పు ఒప్పుకుంటాము. బి.టెక్. పూర్తిచేసిన ఒక అబ్బాయిని హైదరాబాదులోని ఒక కన్సల్టెన్సీ వద్దకు వెళ్లమని సలహా ఇచ్చింది మేమే. రెండు లక్షలు కడితే మూడేళ్ల అనుభవ పత్రమూ, దానితో ఉద్యోగమూ ఇప్పిస్తామని వారన్నారు. మా చెవికి ఉద్యోగమన్న మాట ఒక్కటే వినబడింది. తండ్రి ఆటో అమ్మి, మిగిలినది వడ్డీకి తెచ్చి కట్టాడు. ఉద్యోగం వచ్చింది కూడా. నాలుగో నెలలో సంస్థవారు పూర్వ వివరాలు పరిశీలించారు. మూడేళ్లు పనిచేసినట్లు చూపిన చోట భవిష్యనిధి ఖాతాలో ఒక్క నెల జమ కూడా లేదు. ఆ రోజే అబ్బాయిని బయటికి పంపారు. 2014 నుంచి భవిష్యనిధి చందాదారులకు యూఏఎన్ అనే ఒకే సంఖ్య ఉంటున్నది. ఎవరు ఎక్కడ ఎప్పుడు చేరారో దాని వెంటే నడుస్తుంది. సర్వీసు రిజిస్టరులో ఒక్క తప్పుడు పద్దు మనిషిని ఎంత దూరం తరుముతుందో ఉద్యోగమంతా చూసిన మేమే ఆ కుటుంబాన్ని అటు పంపాము. ఆ వడ్డీ ఇంకా తీరలేదు.

అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. ఈ ముడి అందరికీ ఉన్నదే. మన పిల్లలకు మరొక ముడి అదనం. 2007లో వచ్చిన నాలుగు శాతం రిజర్వేషను విద్యాసంస్థలకు, ప్రభుత్వ ఉద్యోగాలకే పరిమితం. మాదాపూరు గేటు దాటి లోపలికి రాదు. రాజ్యాంగం 16వ అధికరణం హామీ ఇచ్చే సమాన అవకాశమూ ప్రభుత్వ కొలువుల గురించే. అదే 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే పండితులు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక పరిశోధన ప్రచురించారు. పత్రికా ప్రకటనలు చూసి ప్రైవేటు సంస్థలకు సమాన అర్హతలతో దరఖాస్తులు పంపి, పేర్లు మాత్రం మార్చారు. ముస్లిం పేరున్న దరఖాస్తులకు పిలుపు వచ్చే అవకాశం అగ్రవర్ణ హిందూ పేర్లున్న వాటికంటే చాలా తక్కువగా తేలింది. దళిత పేర్లకూ అన్యాయమే జరిగింది. ఈ సంగతి దాచి, కష్టపడితే చాలు అని మీకు చెప్పడం మోసం. పది దరఖాస్తులకు జవాబు రాకపోతే లోపమంతా మీదేనని కుంగిపోకండి. పేరు కుదించుకోమని మాత్రం మేము చెప్పము.

మరి ఏం చేయాలి? పేరు చదివేలోపే పని కనబడేటట్లు చూసుకోవాలి. మా వీధిలో ఒక దర్జీ కుమార్తె ఉంది. తండ్రి అంగడిలో కొలతల పుస్తకం చిరిగిపోయి, రంజాను ముందు ఎవరి బట్టలు ఎవరివో తెలియక తగవులు వచ్చేవి. ఆమె కొలతలు, బయానా, ఇవ్వవలసిన తేదీ నమోదయ్యే చిన్న ప్రోగ్రాము రాసింది. తండ్రికి ఆంగ్లం రాదు గనుక తెర మీది మాటలన్నీ తెలుగులో పెట్టింది. ఆ కోడ్‌ను గిట్‌హబ్‌లో ఉంచి, ఇది ఎవరి కోసం, ఎలా నడపాలి, ఇంకా ఏమేం లోపాలున్నాయి అని ఒక పుటలో రాసింది. మార్పు చేసిన ప్రతిసారీ ఎందుకు చేసిందో ఒక వాక్యం నమోదు చేసింది. మా భాషలో చెప్పాలంటే అది నోట్ ఫైలు! ఇంటర్వ్యూలో ముప్పావు గంట ఆ ప్రోగ్రాము మీదే ప్రశ్నలు వేశారట. ఒకే పేరుతో ఇద్దరు ఖాతాదారులు వస్తే ఏం చేశావని అడిగితే, మొదట తప్పు చేశానని, ఫోను నంబరు చేర్చి దిద్దానని చెప్పింది. ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఇచ్చారు.

ఆమెతో కలిసి చదివిన పలువురి రెజ్యూమెలు మేము చూశాము. అందరివీ ఒకే ప్రాజెక్టు, ఒకే వాక్యాలు. కొనుక్కున్నవని చూడగానే తెలుస్తుంది. అడిగితే ఒక వరుస కూడా వివరించలేరు. నేర్చుకున్న భాషలంటూ పదకొండు పేర్లు రాసేవారికి చెబుతున్నాము: ఒకటి బాగా వస్తే ఒకటే రాయండి.

ఇతరులు బహిరంగంగా నడుపుతున్న సాఫ్ట్‌వేరులో చిన్న దోషం దిద్దడమూ అనుభవమే. 2005 నుంచి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ నడుస్తున్నది. అవుట్‌రీచీ అనే మరొకటి ఈ రంగంలో వెనుకబడిన, వివక్షకు గురైన వర్గాలవారి కోసమే ఉద్దేశించినది. రెండింటిలోనూ ఇంటి నుంచే పని చేయవచ్చు, భృతి ఇస్తారు, పూర్వోద్యోగం అడగరు. పోటీ మాత్రం గట్టిది. ఇల్లు వదిలి పంపని తల్లిదండ్రుల బిడ్డలు ముఖ్యంగా వీటిని గమనించాలి. అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిది. పట్టభద్రులకూ, డిప్లొమా వారికీ ఏడాది శిక్షణ ఉన్నదని ఎన్ని ఇళ్లలో తెలుసు?

ఇక పెద్దలకు ఒక మాట. పరిచయస్థుల సిఫారసుతో నిండే ఖాళీలు చాలా ఉంటాయి. మన ఇళ్లలో మాదాపూరులో పనిచేసే బాబాయి ఉండడు. అక్కడికి చేరిన మన పిల్లలు పండుగకు వచ్చినప్పుడు తమ తర్వాతివారి రెజ్యూమె ఒక్కటైనా తీసుకెళ్లాలి. అలాగే ఫీజు బకాయి పేరుతో కళాశాల అసలు పత్రాలు ఆపితే ఊరుకోకండి. పత్రాలు అట్టిపెట్టుకోరాదని యు.జి.సి. 2018లోనే చెప్పింది. అర్జీ మేము రాసిపెడతాము, ఆ పని మాకు బాగా వచ్చు.

ఉద్యోగం ఇస్తామని డబ్బు అడిగేవారెవరైనా సరే, కట్టే ముందు ఒక్కసారి మా వద్దకు రండి. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు ఇక్కడే ఉంటాము. ఆ దర్జీ కుమార్తె కూడా వస్తానన్నది. రెజ్యూమె కాగితం మీద ముద్రించి తీసుకురండి. ఫోనులో అక్షరాలు మా కళ్లకు ఆనవు.